సాలెగూడూ గాయమూ: యువతతో నాలుగు మాటలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ధింసా అయిపోయి, అందరికీ ఆకలి మొదలయ్యే వేళకు నాకు మైకు ఇచ్చారు. వంటల వాసన నాకూ వస్తోంది, కాబట్టి సాగదీయను. నిర్వాహకులు నన్ను "మన సంప్రదాయ వైద్యం" గురించి మాట్లాడమన్నారు. అది కొండంత విషయం. అరగంటలో కొండ ఎక్కలేం. అందుకే అందులోంచి ఒక్క దారం పట్టుకుని లాగుతాను. దారం అంటే నిజంగా దారమే. సాలీడు దారం.

ముందు ఒక మాట అడుగుతాను, చేతులు ఎత్తండి. చిన్నప్పుడు చెయ్యో కాలో తెగితే, మీ ఇంట్లో ఎవరైనా గోడ మీది సాలెగూడు తీసి గాయం మీద పెట్టారా?

వెనక పెద్దవాళ్ళ చేతులు చాలా లేచాయి. ముందు వరసల్లో తక్కువ. ఇద్దరు ముగ్గురు ఎత్తబోయి, పక్కవాళ్ళ మొహాలు చూసి దించేశారు. అలా దించడానికి కారణం నాకు తెలుసు. కాలేజీలో ఈ మాట చెబితే "మీ అడవిలో బూజు మందా?" అని నవ్వుతారని. నేను జంతుశాస్త్రం చదువుకున్నాను, అదే పాఠం చెబుతున్నాను. ఆ చదువు నుంచి చెబుతున్నా వినండి. రెండు వేల ఏళ్ళ కిందట రోమ్ నగరంలో ప్లినీ అనే పండితుడు ప్రకృతి గురించి పెద్ద గ్రంథం రాశాడు. గడ్డం గీసేటప్పుడు మంగలి కత్తి తెగితే రక్తం ఆపడానికి సాలెగూడు పెట్టాలని అందులో ఉంది. షేక్స్పియర్ నాటకం ఒకదానిలో సాలెగూడు అనే పేరున్న ఒక చిన్న పాత్ర వస్తుంది. ఆ పాత్రతో ఒక నేతగాడు, నా వేలు తెగితే నీ దగ్గరికే వస్తానని హాస్యమాడతాడు. నాటకం చూడడానికి వచ్చిన లండన్ జనం ఆ మాటకు నవ్వారంటే, వాళ్ళ ఇళ్ళలోనూ ఆ వాడకం ఉందన్నమాట. కాబట్టి ఇది మనవాళ్ళు ఒక్కరే చేసిన పని కాదు. మనుషులు గోడలు కట్టుకుని, ఆ గోడల మూలల్లో సాలీళ్ళు కాపురం పెట్టిన చాలా చోట్ల జరిగిన పని.

అయితే ఎలా చేశారన్నది ముఖ్యం. మా నానమ్మ చేసే పద్ధతి చెబుతాను. మాది కొండ మీద ఊరు. కత్తిపీటకో కొడవలికో వేలు తెగితే నానమ్మ మమ్మల్ని బూజు తెమ్మనేది. ఏది పడితే అది తెస్తే విసిరికొట్టేది. పొయ్యి మీద వేలాడే నల్లటి మసి బూజు పనికిరాదు. పశువుల సాల మూలల్లోది అసలే వద్దు. గోడకు అంటుకుని, రూపాయి బిళ్ళంత గుండ్రంగా, కాగితంలా తెల్లగా ఉండే పొర కావాలి. మీరూ చూసే ఉంటారు, అది సాలీడు గుడ్లు దాచుకునే సంచి. దాన్ని గోరుతో మెల్లగా లేపి, ఊది, గుడ్లు ఉంటే దులిపేసి, ఆ పొరను తెగినచోట అంటించేది. రక్తంలో తడిసి అది అక్కడే అతుక్కుపోయేది. మూడు నాలుగు రోజులకు దానంతట అదే పొక్కుతో పాటు రాలేది. అది దొరక్కపోతే గడ్డిచామంతి ఆకు పిండి పెట్టేది.

నానమ్మ ఒక్క రోజు కూడా బడికి వెళ్ళలేదు. కానీ ఆమె చేసింది గమనించండి. మసి పట్టినదానికీ తెల్లదానికీ తేడా చూసింది. పశువుల దగ్గరిదాన్ని పక్కన పెట్టింది. "సాలెగూడు పెట్టాలి" అన్న ఒక్క ముక్కే మనదాకా వచ్చి, ఏ సాలెగూడు, ఎక్కడిది, ఎలా అన్న సంగతులు మధ్యలో రాలిపోతే మనకు మిగిలేది సగం మందు.

ఇప్పుడు అది రక్తాన్ని ఎలా ఆపుతుందో చూద్దాం. మన రక్తంలో ప్లేట్‌లెట్లు అని చాలా చిన్న కణాలు ఉంటాయి. నాళం తెగగానే అవి అక్కడ గుంపుగా చేరి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ వెంటనే రక్తంలోనే కరిగి ఉన్న ఒక ప్రోటీను సన్నటి పోగులుగా మారుతుంది. దాని పేరు ఫైబ్రిన్. ఆ పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుని వల అవుతాయి. ఎర్ర కణాలు ఆ వలలో చిక్కుతాయి. అదే మనం చూసే గడ్డ. అంటే ఒంట్లో గాయమైన ప్రతిసారీ మన రక్తం తనంతట తానే ఒక సాలెగూడు అల్లుకుంటోంది. దాని మీద బయటి నుంచి ఇంకో వల పెడితే, కణాలు పట్టుకోవడానికి ఆసరా దొరుకుతుంది, రక్తం పారే వేగం తగ్గుతుంది. ఆసుపత్రిలో దూదిగుడ్డ, గాజు గుడ్డ పెట్టి అదిమేదీ ఇందుకే. పోగు ఎంత సన్నగా ఉంటే, అంత తక్కువ పదార్థంలో అంత ఎక్కువ ఆసరా. సాలీడు పోగు మన తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం.

ఇందులో మంత్రం లేదు. పోగుల పని పోగులు చేశాయి. ఆ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడి నుంచి కథ అంత సుఖంగా సాగదు.

నేను ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్న ఏడాది, వానలు పడ్డాక, మా చిన్నాన్న పొలంలో గట్టు వేస్తుంటే పార జారి కాలి బొటనవేలి పక్కన తెగింది. లోతుగా తెగింది. ఇంటికి వచ్చేసరికి కాలంతా బురద, రక్తం. నానమ్మ కడిగింది, సాలెగూడు పెట్టింది, గుడ్డ కట్టింది. రక్తం ఆగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడో రోజుకు మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. తొమ్మిదో రోజో పదో రోజో, పొద్దున్నే అంబలి తాగడానికి నోరు తెరవబోతే దవడ కదలలేదు. సాయంత్రానికి మెడ బిగిసింది. మర్నాడు డోలీ కట్టారు. దారిలో ఏ చిన్న చప్పుడు విన్నా, ఎండ మొహాన పడ్డా, ఒళ్ళంతా విల్లులా వంగిపోయేదని మోసినవాళ్ళు చెప్పారు. రోడ్డు చేరేలోపే పోయాడు. ఆ రోగానికి ధనుర్వాతం అని పేరు పెట్టినవాళ్ళు ఆ విల్లును చూసే పెట్టారు.

నానమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. "రక్తం ఆగింది కదరా" అని ఎప్పుడో ఒకప్పుడు తనలో తనే అనుకునేది. ఆమె చెప్పింది నిజమే. రక్తం ఆగింది. మందు తన పని తాను చేసింది. అయినా మనిషి దక్కలేదు.

ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా మట్టిలో, పశువుల పేడలో విత్తనాల్లాంటి రూపంలో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. ఎండిపోయినా చావదు. గాలి తగలని లోతు గాయంలో పడితే మేలుకుని విషం తయారుచేస్తుంది. ఆ విషం నరాలను పట్టుకుంటుంది. తెగిన రోజు నుంచి మూడు రోజుల తర్వాత మొదలుకొని మూడు వారాల దాకా ఎప్పుడైనా బయటపడవచ్చు. చిన్నాన్నకు అది పార మీది మట్టి నుంచి వచ్చిందా, కాలి బురద నుంచి వచ్చిందా, బూజులోని దుమ్ము నుంచి వచ్చిందా అన్నది తేల్చేవాళ్ళు లేరు. బురదే కావచ్చు. కానీ సాలెగూడు అంటే ఏమిటి? ఎగిరేవాటిని పట్టుకోవడానికి కట్టిన వల. దోమను పట్టినట్టే దుమ్మునూ పడుతుంది. రోజుల తరబడి ఇంట్లోని దుమ్మంతా పోగేసుకున్న వస్తువును తెగిన చర్మంలో పెడుతున్నాం. పోగు మంచిదే. పోగుకు అంటుకున్నది ఏమిటో కంటికి కనిపించదు.

ఇక ఫోన్ల సంగతి. మీ వాట్సాప్ గుంపుల్లో తిరిగే సందేశాలు నాకూ వస్తాయి. "సాలెగూడులో విటమిన్ కె ఉంది, అందుకే రక్తం గడ్డకడుతుంది. సాలెగూడు సహజ యాంటీబయాటిక్. మన పూర్వీకులు ఎంత గొప్పవారో చూడండి. కనీసం పది మందికి పంపండి." ఎవరో మనల్ని పొగిడారు కదా అని మనం పంపేస్తాం. నన్నడిగితే ఈ పొగడ్త ఆ కాలేజీ ఎగతాళి కంటే ప్రమాదం. ఎగతాళికి గాయం మానదు, పుండూ కాదు. ఈ పొగడ్త నమ్మి బూజు పెట్టుకుంటే పుండు అవుతుంది.

విటమిన్ కె ఆకుకూరల్లో ఉంటుంది, మన మునగాకులోనూ ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్ళి, కాలేయం చేరి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లు తయారవడానికి సాయపడుతుంది. ఆ పనికి గంటలు పడుతుంది. దాన్ని తెగిన వేలు మీద పూసినంత మాత్రాన రక్తం ఆగదు. సాలెగూడులో అది ఉందన్న మాటకు గట్టి ఆధారమూ లేదు.

యాంటీబయాటిక్ మాట ఇంకొంచెం చిక్కైనది. దాని గురించి శాస్త్రవేత్తలే వాదించుకున్నారు. 2012లో ఇంగ్లండులో ఇళ్ళలో ఉండే ఒక సాలీడు దారం మీద పరిశోధన చేసి, అది ఒక రకం బాక్టీరియా పెరుగుదలను అడ్డుకున్నట్టు కనిపించిందని రాశారు. ఆ ఒక్క ముక్క ప్రపంచమంతా తిరిగింది. 2019లో మరికొందరు వేరే మాట చెప్పారు. దారంలో బాక్టీరియాను చంపేది ఏదీ లేదు, ఆ దారంలోని నత్రజని వాటికి అందకుండా ఉంటుంది, అంటే అది వాటికి తిండి కాదు, అంతే. 2021లో డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం వాళ్ళు పలు జాతుల దారాలను పరీక్షించి, యాంటీబయాటిక్ గుణం ఏదీ కనిపించలేదని తేల్చారు. అంతకుముందు కనిపించిన ఫలితాలు ఎలా వచ్చి ఉంటాయో కూడా చెప్పారు. కొన్ని ప్రయోగాల్లో దారం నుంచి సారం తీయడానికి వాడిన ద్రావకమే బాక్టీరియాను చంపి ఉండవచ్చు, కొన్నింట్లో దారానికే బయటి క్రిములు అంటుకుని ఉండవచ్చు.

నాకు ఈ వాదనలో నచ్చేది ఒకటుంది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు మళ్ళీ చేసి చూశారు. మనవాళ్ళ మందులకూ జరగాల్సింది ఇదే. దాన్ని అవమానం అనుకోకూడదు.

అయితే సాలీడు దారం పని అయిపోయిందా? లేదు. ఇక్కడే కథ మళ్ళీ మలుపు తిరుగుతుంది. ఇంత జరిగినా లోకంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఈ దారాన్ని వదల్లేదు.

కార్తీకంలో పొద్దున్నే కాఫీ తోటలోకి వెళ్తే, మిరియాల పాదు ఎక్కిన సిల్వర్‌ఓక్ చెట్టుకూ కాఫీ మొక్కకూ మధ్య మీ మొహానికి తగిలే పెద్ద గూడు ఉంటుంది చూడండి. ఎండ పడితే బంగారు రంగులో మెరుస్తుంది. మధ్యలో అరచేతి అంత ఆడ సాలీడు, ఓ మూల నక్కి బియ్యపుగింజ కంటే కాస్త పెద్దగా మగది. నెఫిలా జాతి అంటారు. దాన్ని చూసి కర్ర తీసుకుంటారు కొందరు, దయచేసి కొట్టకండి. దాని గూడులో బరువు మోసే దారాలు, అదే బరువున్న ఉక్కు తీగ కంటే గట్టివి. పైగా తెగిపోయే ముందు బాగా సాగుతాయి. ఉక్కు అలా సాగదు. సాలీడు పొట్టలో ఏడు రకాల దాకా పట్టు గ్రంథులు ఉంటాయి. వేలాడే దారానికి ఒకటి, పురుగును అంటించే జిగురు దారానికి ఒకటి, గుడ్ల సంచికి ఒకటి. ఇదంతా మామూలు వేడిలో, నీళ్ళే ఆధారంగా తయారవుతుంది. మనం ఒక నైలాన్ పోగు తీయాలంటే ఫ్యాక్టరీ కావాలి, కొలిమి కావాలి. దానికి ఒక ఈగ చాలు.

ఆపరేషన్ కుట్లకు పట్టుపురుగు దారం చాలాకాలంగా వాడుతున్నారు. దసలి పట్టుకాయలు ఏరిన ఇళ్ళవాళ్ళకు పట్టు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పట్టుపురుగు దారం మీద సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. అది ఒంటికి పడదు, ముందే తీసేయాలి. సాలీడు దారానికి ఆ సెరిసిన్ బెడద లేదు. శరీరం దాన్ని పెద్దగా తిరగబడకుండా ఒప్పుకుంటుందని, మెల్లగా అరిగించుకుంటుందని ప్రయోగాల్లో తేలింది.

జర్మనీలోని హానోవర్ వైద్య కళాశాలలో నెఫిలా సాలీళ్ళనే పెంచి, దారం లాగి, ఆవిరిలో శుభ్రం చేసి వాడారు. గొర్రె కాలి నరంలో ఆరు సెంటీమీటర్ల ముక్క తీసేసి, ఆ ఖాళీలో రక్తనాళపు గొట్టం పెట్టి, లోపల సాలీడు దారాలు పరిచారు. తెగిన నరం ఆ దారాల వెంట పాకి అవతలి ఒడ్డు చేరింది. తీగ ఆసరాతో పాదు ఎక్కినట్టు. ఆ ఫలితాన్ని 2011లో ప్రకటించారు. అదే ఏడాది అదే చోట, చిన్న చట్రానికి ఈ దారాన్ని అడ్డంగా నిలువుగా అల్లి, దాని మీద మనిషి చర్మకణాలను పెంచారు. మళ్ళీ అదే మాట, పోగు ఆసరా ఇస్తుంది. నానమ్మ గోడ మీది పొర గాయానికి ఇచ్చిందీ ఆసరాయే. తేడా అంతా మధ్యలో ఉన్న ఆ ఆవిరి పాత్రలో ఉంది.

మరి పట్టుపురుగుల్లా సాలీళ్ళను ఎందుకు పెంచరు అని మీకు వచ్చే ఉంటుంది. ఒక్క బుట్టలో పది సాలీళ్ళను పెట్టి వారం తర్వాత చూడండి. ఒకటే ఉంటుంది, అదీ లావుగా. ఒకదాన్నొకటి తినేస్తాయి. మడగాస్కర్ దీవిలో ఇద్దరు పట్టు వదలని మనుషులు, సైమన్ పీర్స్, నికొలస్ గాడ్లీ అని, అడవిలోని బంగారు సాలీళ్ళను పట్టించి, దారం లాగించి, మళ్ళీ వదిలించి ఒక బట్ట నేయించారు. పదకొండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. దానికి పది లక్షలకు పైగా సాలీళ్ళు, నాలుగేళ్ళ కాలం పట్టాయి. 2009లో న్యూయార్క్ మ్యూజియంలో పెట్టారు. రంగు వేయలేదు, ఆ పసుపు దాని సొంత రంగు. చూడడానికి గొప్పే కానీ, ఆ లెక్కన ఆసుపత్రికి కట్లు తయారుచేయలేం.

అందుకే సాలీడు జన్యువును తీసి వేరే ప్రాణిలో పెట్టే దారి పట్టారు. అమెరికాలో ర్యాండీ లూయిస్ అనే శాస్త్రవేత్త మేకల్లో పెట్టాడు. పాలలో సాలీడు ప్రోటీను వచ్చింది. మేకల మందలున్న మనకు ఇది వినడానికి తమాషాగా ఉంటుంది. ఎక్కువమంది మాత్రం బాక్టీరియాలో పెట్టి పెంచుతున్నారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు అలా చేసిన దారానికి యాంటీబయాటిక్ మందు అణువులను అతికించి, అవి రోజుల తరబడి కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చేశారు. అక్కడ ఆగి ఆలోచించండి. సాలెగూడుకు యాంటీబయాటిక్ గుణం ఉందని మన ఫోన్లు అంటాయి. ఆ గుణం కోసం వాళ్ళు పనిగట్టుకుని మందు అతికించారు. మన దేశంలో గౌహతి ఐఐటీ వాళ్ళు స్వీడన్ పరిశోధకులతో కలిసి, పట్టుపురుగు పట్టుతో చేసిన పొరకు సాలీడు ప్రోటీనును పూతగా వేశారు. అందులో అస్సాం ముగా పట్టు కూడా ఉంది. చర్మకణాలు దాన్ని బాగా పట్టుకుని పెరిగాయని 2018లో రాశారు. ఇవన్నీ ఇంకా చాలావరకు ప్రయోగశాల దశలోనివే. రేపు మన ఆరోగ్య కేంద్రంలో సాలీడు కట్టు దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక్కడ మీలో చదువుకుంటున్నవాళ్ళతో ఇంకో మాట. ఇది కొంచెం పక్కదారిలా ఉంటుంది, కానీ మన పసుపుతో సంబంధం ఉంది కాబట్టి చెబుతాను. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంటు వచ్చింది. దేనికి? పసుపు వాడి గాయం మాన్పడానికి! పాడేరు సంతకు పసుపు మోసుకెళ్ళే ఏ అవ్వనైనా అడిగితే నవ్వుతుంది. మన సీఎస్ఐఆర్ సంస్థ దాన్ని సవాలు చేసి, 1997లో రద్దు చేయించింది. ఎలా గెలిచిందో తెలుసా? పాత సంస్కృత గ్రంథాలు, 1953లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం, ఇలా అచ్చులో ఉన్న ఆధారాలు చూపించి. బయటి దేశాల్లో జనం వాడుతున్నారంటే అప్పటి అమెరికా చట్టానికి సరిపోదు. ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండాలి. పసుపుకు పుస్తకం ఉంది కాబట్టి గెలిచాం. మన దిసారి తాతకు తెలిసిన ఆకుకు ఏ పుస్తకం ఉంది?

కేరళలో కాణి తెగ కథ దీనికి అవతలి వైపు. 1987లో అగస్త్యమలై కొండల్లోకి వెళ్ళిన శాస్త్రవేత్తలు అలసిపోతుంటే, దారి చూపే కాణి యువకులు మాత్రం ఏవో కాయలు నములుతూ చురుగ్గా నడుస్తున్నారు. అడిగితే ముందు చెప్పలేదు, తర్వాత చెప్పారు. అదే ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే మందు తయారైంది. దాన్ని తయారుచేసే హక్కు ఇచ్చినందుకు వచ్చిన సొమ్ములో, రాయల్టీలో సగం కాణి వాళ్ళకు చెందాలని ఒప్పందం జరిగింది. 1997లో వాళ్ళ పేర ఒక ట్రస్టు ఏర్పడింది. అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. తెగలో అందరినీ అడగలేదన్న గొడవ వచ్చింది. కానీ అడగడం, వాటా ఇవ్వడం అనే పద్ధతి ఒకటి మొదలైంది.

2002లో మనకు జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. ఉంటే మన పెద్దలు చెప్పింది అందులో ఎంత ఎక్కిందో చదవండి. లేకపోతే ఎందుకు లేదని గ్రామసభలో లేచి అడగండి. మీరు రాసేటప్పుడు నానమ్మ చెప్పినట్టు రాయండి. ఏ చెట్టు, ఏ భాగం, ఏ నెలలో, ఎంత, దేనికి పనికిరాదు, ఎవరికి ఇవ్వకూడదు. చెప్పిన మనిషిని అడిగి, ఒప్పుకుంటేనే పేరు రాయండి. బయటికి చెప్పొద్దన్నది ఉంటే రాయొద్దు. వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టేయాలన్న తొందర మాత్రం వద్దు. ఒకసారి పెట్టాక వెనక్కి రాదు.

తెగినప్పుడు ఏం చేయాలో చెప్పి దిగిపోతాను. మనకు ఆసుపత్రి రెండు కొండల అవతల. కాబట్టి మొదటి పది నిమిషాలు మన చేతిలోనే ఉంటాయి. ఉతికిన పొడి గుడ్డ మడిచి గాయం మీద పెట్టి గట్టిగా అదమండి. పది నిమిషాలు, గడియారం చూసుకుని. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడకండి, కడుతున్న గడ్డ ఊడిపోతుంది. తెగిన చెయ్యో కాలో గుండె కంటే ఎత్తులో పెట్టండి. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకొకటి వేయండి. డోలీలో మోస్తున్నా ఒకరు అదుముతూనే ఉండాలి. చిన్న గాయమైతే రక్తం ఆగాక మంచినీళ్ళతో, సబ్బుతో కడగండి. మట్టి, పేడ, కాఫీపొడి, సున్నం, బూజు ఏదీ పెట్టొద్దు. గుడ్డ మీద గుడ్డ చాలు. అదీ పోగుల అల్లికే కదా. తర్వాత ఇంజెక్షన్‌కు వెళ్ళండి. లోతు గాయం, మట్టి అంటిన గాయం అయితే వాయిదా వేయొద్దు. నొప్పి తగ్గింది, పనిలోకి వెళ్తున్నాను అన్నది లెక్కలోకి రాదు. మా చిన్నాన్న కూడా మూడో రోజుకు పనిలోకి వెళ్ళాడు.

ధనుర్వాతానికి టీకా ఉంది. పుట్టిన ఆరు వారాల నుంచి వేస్తారు. పదేళ్ళకు ఒకటి, పదహారేళ్ళకు ఒకటి టీడీ ఇంజెక్షన్ ఉచితంగా వేస్తారు. హాస్టల్లో ఆ రోజు సెలవు పెట్టి ఇంటికి వచ్చేసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారని నాకు తెలుసు.

షామియానా పక్కన ఆ నీలం చీర ఏఎన్‌ఎం అక్క పొద్దుటి నుంచి డబ్బా పట్టుకుని కూర్చుంది. పదహారు నిండి ఇంకా వేయించుకోనివాళ్ళు భోజనాల వరసలోకి వెళ్ళేముందు ఆమె దగ్గరికి వెళ్ళి పేరు రాయించుకోండి. ప్రశ్నలు ఉంటే అక్కడే వేప చెట్టు కింద ఉంటాను, వచ్చి అడగండి. జై జోహార్.